ఆఫ్రికా బట్ట ఆఫ్రికాదేనా, కలంకారీ మనదేనా? ప్రపంచ వ్యాపారం సంస్కృతిని పెంచుతోందా, తుడిచేస్తోందా?

కృష్ణాతీరం (చర్చ మొదలుపెట్టినవారు)

"ప్రపంచీకరణ వచ్చి సంస్కృతులన్నిటినీ ఒకే మూసలో పోస్తోంది, ఏ ఊరి ప్రత్యేకతా మిగలట్లేదు" అనే మాట ఈ మధ్య ప్రతి సభలోనూ వినిపిస్తోంది. పెడన కలంకారీ గురించి ఎవరు మైకు పట్టుకున్నా ఇదే మాట. నేను దీనితో ఏకీభవించను. ఎందుకో చెప్తాను, తర్వాత మీరు వాదించండి.

బందరులో డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో కోఠీలు, అంటే వర్తక కేంద్రాలు, తెరిచారు. వాళ్లకు కావలసినవి మిరియాలు, జాజికాయ, లవంగాలు. అవి పండే ఇండోనేషియా దీవుల్లో మన తీరపు బట్ట ఇస్తే సరుకు సులువుగా దొరికేది. అందుకని ఇక్కడ బట్ట కొని అక్కడ సుగంధ ద్రవ్యాలకు మార్చుకునేవాళ్లు. అంతకుముందే గోల్కొండ రాజ్యానికీ పర్షియాకీ రాకపోకలున్నాయి. పర్షియా కొనుగోలుదారుల కోసం సైప్రస్ చెట్లు, మసీదు గోడలో ఉండే మిహ్రాబ్ లాంటి తోరణాలు ఉన్న నమాజు బట్టలు అద్దారు. సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్, రాజదర్బారు కోసం అక్కడి నుంచి వచ్చిన నమూనాలు చూసి అద్దారు. 17వ శతాబ్దం మధ్యలో లండన్ కంపెనీ పెద్దలు ఇండియాలోని తమ మనుషులకు ఉత్తరాలు రాశారు: ఎర్ర నేల తగ్గించండి, తెల్ల నేల మీద రంగురంగుల కొమ్మలు వేయించండి అని.

ఈరోజు మనం "తరతరాల సంప్రదాయం" అని గర్వంగా చూపించే జీవవృక్షం డిజైనులో పర్షియా అభిరుచి ఉంది, యూరప్ గిరాకీ ఉంది, మన అద్దకపువాళ్ల చెయ్యి ఉంది. ప్రపంచ వ్యాపారం లేకపోతే ఈ కళకు ఈ రూపమే లేదు.

ఆఫ్రికా ఉదాహరణ ఇంకా బలమైనది. ఘనా, టోగో, నైజీరియా ఆడవాళ్లు కట్టే ముదురు రంగుల వ్యాక్స్ ప్రింటు చూడగానే ఎవరైనా "ఆఫ్రికా బట్ట" అంటారు. దాని మూలం జావా దీవి బాతిక్, అంటే బట్ట మీద మైనంతో గీసి, మైనం లేనిచోట రంగు పట్టించే అద్దకం. బాతిక్‌ను మిషను మీద చవగ్గా తయారుచేసి జావాలో అమ్ముదామని డచ్చి కంపెనీలు చూశాయి. 1846లో నెదర్లాండ్స్‌లోని హెల్మండ్‌లో మొదలైన వ్లిస్కో వాటిలో ఒకటి. మిషను బట్ట మీద మైనం పగిలి గీతలు పడేవి, జావావాళ్లకు అవి నచ్చలేదు. 19వ శతాబ్దం చివర్లో అదే రకం బట్ట గోల్డ్ కోస్టుకు, అంటే ఇప్పటి ఘనాకు, వెళ్తే అక్కడివాళ్లు ఆ గీతలతో సహా ఇష్టపడ్డారు. మూడు ఖండాలు కలిస్తే ఒక కొత్త సంస్కృతి పుట్టింది. ఇందులో చచ్చింది ఏముంది?

చీరాల మగ్గం

కృష్ణాతీరం గారూ, పుట్టింది మీకు బాగా కనిపించింది. చచ్చింది మా వైపు వచ్చి చూస్తే కనిపిస్తుంది.

చీరాల చుట్టుపక్కల ఊళ్లలో ఒకప్పుడు వేల మగ్గాల మీద ఒకే రకం బట్ట నేసేవాళ్లు. గళ్ల రుమాళ్లు, ఎనిమిదేసి కలిపి ఒక తాను. "రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్" అనేవాళ్లు, మా పెద్దవాళ్లకు అది ఆర్ఎంహెచ్‌కే. మా తాతయ్య జీవితాంతం అదే నేశారు. మా ఇంట్లో ఎవరూ ఏనాడూ అది కట్టలేదు. అంతా నైజీరియాకి పోయేది. ఏ గడి ఎంత వెడల్పు, ఏ ఎరుపు, ఏ నీలం అన్నది మద్రాసు షావుకారు చెప్పేవాడు. ఆయనకు లేగోస్ నుంచి కబురొచ్చేది. నైజీరియా ప్రభుత్వం విదేశీ బట్టల మీద ఆంక్షలు పెట్టినప్పుడల్లా మా వీధిలో మగ్గాల చప్పుడు ఆగిపోయేది. ఎందుకు ఆగిందో నేసేవాడికి చెప్పే నాథుడు లేడు.

తర్వాత నూలు ధరలు పెరిగాయి. 1991లో చేనేతల ఆకలి చావుల గురించి పేపర్లలో వచ్చినప్పుడు చీరాల పేరు ఎలా మోగిందో పెద్దవాళ్లను అడగండి. మీరు "మార్పు" అంటున్న దాని కింద మనుషులున్నారు. ఆ పని వచ్చినవాళ్లు ఇప్పుడు ఆటోలు నడుపుతున్నారు, అపార్ట్‌మెంట్లకు కాపలా కాస్తున్నారు. వాళ్ల పిల్లలకు పడుగు ఏదో పేక ఏదో తెలియదు.

అక్రా తెలుగు

ఇద్దరు చెప్పినదానికీ సంబంధించిన సంగతి ఒకటి నా దగ్గరుంది. నేను ఉద్యోగరీత్యా పశ్చిమ ఆఫ్రికాలో చాలాకాలంగా ఉంటున్నాను.

చీరాల అన్నా, మీ తాతగారు నేసిన బట్ట ఏమైందో మీకు తెలియాలి. నైజీరియాలో నైజర్ నది డెల్టాలో కలబరి అనే ప్రజలున్నారు. మద్రాస్ గళ్ల బట్ట వాళ్లకు ప్రాణం. బిడ్డ పుట్టాక తల్లిని ముస్తాబు చేసి ఊళ్లోకి తీసుకొచ్చే వేడుకకు అది కావాలి. ఇంట్లో పెద్దవాళ్లు పోతే శవాన్ని ఉంచే మంచాన్ని ఖరీదైన బట్టలతో అలంకరిస్తారు, అందులో కూడా ఇది ఉండాలి. కుటుంబాల్లో పెట్టెలనిండా దాచుకుంటారు, అవ్వ నుంచి మనవరాలికి పోతుంది. ఊరికే కొనుక్కుని కట్టుకోరు కూడా. వాళ్ల ఆడవాళ్లు సూది, బ్లేడు పట్టుకుని ఆ గళ్లలో కొన్ని దారాలను ఒక్కొక్కటిగా కోసి లాగేస్తారు. దారం పోయినచోట బట్ట పల్చబడి కొత్త డిజైను తేలుతుంది. దాన్ని పెలెటె బిటె అంటారు. అది చేసిన తర్వాత ఆ బట్ట చీరాలది కాదు, మద్రాసుది కాదు, పూర్తిగా కలబరిది. అమెరికన్ పరిశోధకురాలు జోఆన్ ఐకర్ దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. బయటి వస్తువును ఒక సమాజం ఎలా సొంతం చేసుకుంటుందో చెప్పడానికి ఆ రంగంలో తరచూ ఇచ్చే ఉదాహరణ ఇది.

కరీబియన్ దీవుల్లోనూ అంతే. మార్టినిక్, గ్వాడెలూప్, డొమినికా, సెయింట్ లూసియాల్లో ఆడవాళ్ల జాతీయ దుస్తుల్లో మద్రాస్ గళ్ల బట్టే కనిపిస్తుంది.

వ్యాక్స్ ప్రింటు సంగతికొస్తే, అది ఆఫ్రికాది ఎందుకయిందంటే అమ్మిన ఆడవాళ్ల వల్ల. టోగో రాజధాని లోమేలో "నానా బెంజ్" అని పేరుపడ్డ వ్యాపారస్తురాళ్లు ఉండేవాళ్లు. మెర్సిడెస్ కార్లలో తిరిగేవాళ్లు కాబట్టి ఆ పేరు. ఏ డిజైను నడుస్తుందో, ఏ రంగు ఎవరికి నచ్చుతుందో వాళ్లే డచ్చి కంపెనీకి చెప్పేవాళ్లు. ఒక్కో డిజైను అమ్మే హక్కు ఒక్కొక్కరి చేతిలో ఉండేది. డిజైన్లకు బజారే పేర్లు పెట్టింది. పంజరంలోంచి పిట్ట ఎగిరే డిజైనుకు "నువ్వు బయటికి పోతే నేనూ పోతా" అని పేరు. భర్త తిరుగుళ్లు తిరుగుతుంటే భార్య ఆ బట్ట కట్టుకుని ఎదురుగా నిలబడితే చాలు, నోరు విప్పక్కర్లేదు. ఇంకోదాని పేరు "నా సవతి కంటే నేనే వేగంగా పరిగెడతా". ఇలాంటి పేర్లు హెల్మండ్‌లో కూర్చున్న డిజైనరుకు తడతాయా? గీత అక్కడిది, అర్థం ఇక్కడిది.

శైలజ విజయవాడ

అక్రా తెలుగు గారూ, పెలెటె బిటె గురించి మొదటిసారి వింటున్నాను. చాలా సంతోషమేసింది. ఆ దారం నేసిన ఊరికి ఈ కబురు ఇన్నేళ్లూ చేరకపోవడమే బాధగా ఉంది.

హిస్టరీ మేడం

కృష్ణాతీరం గారు వ్యాపారం గురించి చెప్పినవన్నీ నిజమే. అయితే మన బట్ట కథను 1650 దగ్గర ఆపేశారు. తర్వాతి భాగం నేను చెప్తాను, నా వాదనంతా అందులోనే ఉంది.

మన అద్దకం బట్ట యూరప్‌లో ఎంత పాకిందంటే అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు భయపడ్డారు. ఫ్రాన్స్ 1686లో అద్దకం నూలుబట్టలను నిషేధించింది, 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండ్ 1700లో చట్టం చేసి దిగుమతిని ఆపింది. అదీ చాలక 1721లో వాడకాన్నే నిషేధించింది. మధ్యలో 1719లో లండన్ స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్లు రోడ్ల మీద కాలికో, అంటే అద్దకం నూలుబట్ట, కట్టుకున్న ఆడవాళ్ల మీద పడి దుస్తులు చింపారు, యాసిడ్ చల్లారు. ఇంగ్లండ్ వాడకం మీది నిషేధాన్ని ఎత్తేసింది 1774లో.

అంటే మన బట్ట వాళ్ల మీదికి వెళ్లినప్పుడు డెబ్భై ఏళ్లకు పైగా తలుపులు మూసుకున్నారు. ఆ సమయంలో ఏం చేశారు? పటిక, ఇనుము లవణాలతో రంగు పట్టించే కిటుకు నేర్చుకున్నారు. రాగి పలకల మీద అచ్చు వేయడం నేర్చుకున్నారు. మిషను మీద నూలు వడికారు. అన్నీ చేతికొచ్చాక తలుపులు తెరిచి, ఇక స్వేచ్ఛా వ్యాపారం అన్నారు. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లు బట్ట మన మీద పడినప్పుడు మనకు తలుపు మూసే హక్కు లేదు, తలుపు తాళం వాళ్ల చేతిలోనే ఉంది.

ప్రపంచీకరణను గాలివానలాగా దానంతటదే వచ్చేదిగా మాట్లాడటం నాకు నచ్చదు. అది రాసిన నియమాల మీద నడుస్తుంది. ఎవరు రాశారు, ఎవరు రాయలేకపోయారు అన్నదాన్ని బట్టే ఎవరి సంస్కృతి "మారింది", ఎవరిది "పోయింది" అని తేలుతుంది. ఫ్రాన్స్‌లో ప్రావెన్స్ ప్రాంతానికి వెళ్తే చిన్న పూల అద్దకం బట్టలను తమ సంప్రదాయం అని అమ్ముతారు. అవి మన బట్టను చూసి నేర్చుకున్నవే. వాళ్లకది సంప్రదాయంగా మిగిలింది, నేర్పినవాళ్ల ఊరు దిక్కులేనిదయింది.

సాఫ్ట్‌వేర్ సతీష్

ఇంత చరిత్ర అవసరమా అండీ? ఇప్పుడు సంగతి చూడండి. నా భార్య డిజిటల్ ప్రింట్ కలంకారీ కుర్తీ కొంది, నాలుగు వందలు. అసలుది కొనాలంటే దానికి ఎన్నో రెట్లు పెట్టాలి, పైగా మొదటి ఉతుకులో జాగ్రత్త పడాలి. కొనేవాడి ఇష్టాన్ని కాదని ఎవరి కళనూ నిలబెట్టలేరు. చవకలో ఆ డిజైను అందరికీ అందుతోంది, లక్షల మంది కట్టుకుంటున్నారు. ఒకప్పుడు రాజులు, కంపెనీ దొరలు వాడిన డిజైను ఇప్పుడు కాలేజీ పిల్లల ఒంటి మీద ఉంది. సంస్కృతి వ్యాపించడమంటే ఇదే.

శైలజ విజయవాడ

సతీష్ గారూ, మీ ఇంట్లో కొన్నదాన్ని నేను తప్పుపట్టను. నేనూ కొన్నాను. కానీ మీ మాటలోనే ఈ చర్చకు కావలసిన తేడా దొరుకుతోంది, అది చెప్పాలి.

పై పోస్టులన్నీ ఒకసారి వరుసగా చూడండి. కట్టుకునేవాళ్ల సంస్కృతికి ఎక్కడా ఏమీ కాలేదు. కలబరి వాళ్ల వేడుక బతికే ఉంది, టోగో ఆడవాళ్ల బట్టల పేర్లు బతికే ఉన్నాయి, ప్రావెన్స్ పూలు ఉన్నాయి, మీ ఇంట్లో కుర్తీ ఉంది. ప్రపంచ వ్యాపారం కట్టుకునేవాళ్లకు ప్రతిచోటా ఇస్తూనే వచ్చింది. ప్రతిచోటా దెబ్బతిన్నది చేసేవాళ్లు. కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో బట్ట ఎంతసేపు నానాలి, ఇనుము బెల్లంతో కలిసి పులిసి నలుపు ఎప్పటికి తయారవుతుంది, పటిక అద్దినచోట ఎరుపు ఎంత కాగితే తేలుతుంది, ఏ కాలవ నీటికి ఏ ఛాయ వస్తుంది, ఇదంతా ఒక సంస్కృతే కదా? మనం సంస్కృతి అనగానే డిజైనూ పండగా మాత్రమే లెక్కేస్తున్నాం. చేతికి వచ్చిన విద్యను లెక్కేయట్లేదు. డిజైను ఫోన్లోంచి క్షణంలో చైనాకైనా సూరత్‌కైనా పోతుంది. ఆ విద్య పక్క మనిషిని చూసి నేర్చుకుంటే తప్ప పోదు, ఒక తరం ఆగితే ఆగిపోయినట్టే.

ఎర్ర రంగునిచ్చే చిరివేరు కృష్ణా తీరపు ఇసుక నేలల్లో దొరికేది. బందరు ఎరుపుకు అంత పేరు రావడానికి అదొక కారణం. ఇప్పుడు ఎంతమంది ఆ మొక్కను గుర్తుపట్టగలరు?

పుట్టపాక బాట

శైలజక్కా, మీరు చెప్పింది మంచిగున్నది, కానీ చేసేటోళ్లు ప్రతిచోటా ఓడిపోయిన్రు అంటే నేను ఒప్పుకోను. మా దగ్గర తేలియా రుమాలు చూడండి.

నూలును నూనెల, ఆముదపు కాయల బూడిద నీళ్లల మళ్లీ మళ్లీ నానబెడతరు. రోజుల పని. అందుకే ఆ పేరు, ఆ వాసన. ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడే రంగులు. పడుగు, పేక రెండింటికీ ముందే ముడులు కట్టి రంగులేసి నేస్తరు. చీరాల నుంచి కూడా పోయేది, అరబ్బు దేశాలకు తలకు చుట్టుకునే రుమాళ్లుగా. కొనేటోళ్లను బట్టి నేసేటోళ్లు కొత్త బొమ్మలేసిన్రు. గడియారం, విమానం, గ్రామఫోను వేసిన పాత రుమాళ్లు మ్యూజియంలల్ల ఉన్నయి. గవి ఎవరు పంపిన నమూనాలో నాకు తెల్వదు గానీ, ముడులు కట్టి విమానాన్ని నూలు మీదికి తెచ్చింది మాత్రం నేసేటోళ్ల తెలివే.

అరబ్బు గిరాకీ పోయినంక రుమాలును చీర చేసిన్రు, చున్నీ చేసిన్రు. పుట్టపాక గజం గోవర్ధన్ గారికి 2011ల పద్మశ్రీ వచ్చింది. 2020ల తేలియా రుమాలుకు జీఐ, అంటే ఈ ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. ఇప్పుడు హైదరాబాద్, ఢిల్లీల నుంచి వచ్చి ఆర్డర్లిస్తున్నరు. కష్టాలున్నయి, లేవనను. కానీ ఒక మార్కెట్ పోతే ఇంకోటి వెతుక్కునే సత్తా మా నేతకార్మికులకు ఉన్నది. మమ్మల్ని ఎప్పుడూ బాధితులుగనే చూపెట్టకండి.

చీరాల మగ్గం

పుట్టపాక తమ్ముడూ, మీ ఊరి గురించి నువ్వు గర్వపడాలి, నేనూ పడతాను. కానీ ఆ ఆర్డర్లు ఎన్ని ఇళ్లకు అందుతున్నాయో కూడా చెప్పు. పేరున్న మాస్టర్ వీవరు దగ్గరికి ఢిల్లీ కారు వస్తుంది. పక్క వీధిలో కూలికి నేసేవాడి దగ్గరికి రాదు. ఆర్ఎంహెచ్‌కే నేసినప్పుడు షావుకారు దోచుకున్నాడు, నిజమే, కానీ ఊరు ఊరంతటికీ పని ఉండేది. ఇప్పటి "కళ" మార్కెట్టు కొద్దిమందిని కళాకారుల్ని చేసి మిగతావాళ్లను మగ్గం దింపేసింది. ఒక ఊరి విద్య నలుగురైదుగురి చేతుల్లో మిగలడాన్ని నేను బతకడం అనలేను.

జీఐ మాట వచ్చింది కాబట్టి, అది పేరును కాపాడుతుంది. డిజైనును మిషను మీద వేసి "కలంకారీ ప్రింట్" అని అమ్మేవాణ్ని రోజూ పట్టుకునేదెవరు? నిన్న ఊళ్లో షాపులో చూశాను, పాలియెస్టర్ మీద కలంకారీ.

కృష్ణాతీరం

శైలజ గారు చేసిన తేడా, కట్టేవాళ్లు వేరు, చేసేవాళ్లు వేరు అన్నది, నా మొదటి పోస్టులో లేదు. అది ఈ చర్చను ముందుకు తీసుకెళ్లింది. కానీ దాన్నుంచి "వ్యాపారమే చేసేవాళ్లను చంపుతుంది" అనే ముగింపుకు వెళ్లడానికి ఒక అడ్డు ఉంది. అది జావా.

డచ్చివాళ్లు మిషను బాతిక్ తెచ్చినప్పుడు జావావాళ్లు ఓడిపోలేదు. మైనం గీయడానికి వాళ్ల ఆడవాళ్లు వాడే చిన్న గరిటె లాంటి పనిముట్టుతో ఒక బట్టకు నెలలు పట్టేది. 19వ శతాబ్దం మధ్య నుంచి రాగి రేకులతో చేసిన అచ్చు వాడకంలోకి వచ్చింది. వేడి మైనంలో ముంచి బట్ట మీద అద్దడమే. ధర తగ్గింది, పని వేగం పెరిగింది. మైనమూ అదే, రంగు ముంచే పద్ధతీ అదే. దిగుమతి బట్టకు ఎదురు నిలబడగలిగారు. 2009లో ఇండోనేషియా బాతిక్‌ను యునెస్కో గుర్తించింది, అక్టోబరు 2న దేశమంతా బాతిక్ కట్టుకుంటారు. దాడి అక్కడా అదే, వ్యాపారమూ అదే, ఫలితం మాత్రం వేరు. చేసేవాళ్లు తమ పనిముట్టును తామే మార్చుకోగలిగారు.

అలాగైతే పెడనలో కర్ర అచ్చుల పక్కన స్క్రీన్ ప్రింటింగ్ పెట్టుకున్నవాళ్లను మనం ఎందుకు తిడుతున్నాం? జావా రాగి అచ్చులాంటిదే కదా ఇదీ? వాళ్లూ కృష్ణా జిల్లావాళ్లే, వాళ్లకూ కుటుంబాలున్నాయి.

శైలజ విజయవాడ

పోలిక సగమే సరిపోతుంది. రాగి అచ్చు వచ్చినా జావాలో మైనం పోలేదు, రంగు తొట్టి పోలేదు. అంటే విద్యలో ఒక మెట్టు వేగమైంది, మిగతా మెట్లు ఉన్నాయి. స్క్రీన్ వచ్చినచోట కరక్కాయ లేదు, పటిక లేదు, కాలవలో ఉతకడం లేదు, రాగి బానలో కాచడం లేదు. రసాయన రంగు తెచ్చి నేరుగా రుద్దడమే. విద్య మొత్తం పోయి బొమ్మ ఒక్కటే మిగిలింది.

స్క్రీన్ వేసేవాళ్లను తిట్టమని నేను అనట్లేదు. స్క్రీను బట్టను స్క్రీను బట్ట అనే చెప్పి అమ్మాలి. రెండూ ఒకే పేరుతో ఒకే షెల్ఫులో ఉంటే నాలుగు వందలదే నెగ్గుతుంది, సతీష్ గారి భార్యకు తేడా తెలిసే అవకాశమే ఉండదు. జావాలో ఇంకో బలం కూడా ఉండేది. మిషను బట్టను చూసి "ఇది మాది కాదు" అనగలిగే కళ్లు కొనేవాళ్లకు ఉన్నాయి. మన కళ్లు ఏమయ్యాయి?

హిస్టరీ మేడం

ఆ కళ్లు రావాలన్నా కొంతకాలం రక్షణ కావాలి. నేను ముందు చెప్పినదాన్నే ఇంకో వైపు నుంచి చెప్తాను. తలుపు మూసే హక్కు ఇప్పటికీ అందరికీ లేదు. తూర్పు ఆఫ్రికా దేశాలు 2016లో పాత బట్టల దిగుమతిని దశలవారీగా ఆపేద్దామని నిర్ణయించుకున్నాయి, తమ దేశాల్లో బట్టల మిల్లులు నిలబడాలని. అమెరికా పాత బట్టల వ్యాపారులు ఫిర్యాదు చేశారు. వాణిజ్య రాయితీలు తీసేస్తామని అమెరికా అనగానే మిగతా దేశాలు వెనక్కి తగ్గాయి. రువాండా ఒక్కటే పట్టుబట్టి సుంకం పెంచింది. 2018లో దాని దుస్తుల ఎగుమతులకు సుంకంలేని ప్రవేశాన్ని అమెరికా నిలిపేసింది. 1721 నాటి ఇంగ్లండ్‌ను ఇలా అదిరించగలిగినవాళ్లు ఎవరూ లేరు.

అక్రా తెలుగు

మేడం చెప్పింది నేను ఇక్కడ రోజూ చూస్తున్నాను. ఘనా రాజధాని అక్రాలో కంటమాంటో అనే మార్కెట్టు ఉంది. యూరప్, అమెరికా, చైనాల్లో వాడి పారేసిన బట్టలు మూటలు మూటలుగా వచ్చి పడతాయి. మూట విప్పేదాకా లోపల ఏముందో కొన్నవాడికి తెలియదు, పనికిరానివి మురిక్కాలవల్లోంచి సముద్రపు ఒడ్డుకు చేరతాయి. అయినా వేలమంది కుట్టేవాళ్లు, రంగువేసేవాళ్లు, మోసేవాళ్లు దాని మీదే బతుకుతున్నారు. ఘనా ప్రభుత్వం 2004లో శుక్రవారాలు స్థానిక బట్టలు కట్టుకుని ఆఫీసులకు రమ్మని కార్యక్రమం పెట్టింది. అలవాటు బాగానే నిలిచింది. అయితే ఆ శుక్రవారం బట్టల్లో చాలావరకు చైనా నుంచి వచ్చిన కాపీలే. కట్టేవాళ్లు, చేసేవాళ్లు అని శైలజ గారు చేసిన విభజన ఇక్కడా అచ్చంగా సరిపోతుంది.

నానా బెంజ్‌ల సంగతి కూడా పూర్తిచేయాలి. 1994 జనవరిలో అక్కడి సీఎఫ్ఏ ఫ్రాంక్ విలువను సగానికి తగ్గించారు. డచ్చి బట్ట రాత్రికి రాత్రి అందనంత ఖరీదైంది. ఆ ఖాళీలోకి చవక కాపీలు వచ్చాయి. ఏ డిజైను ఎవరిది అన్న పాత హక్కులకు విలువ పోయింది. దశాబ్దాలుగా బజారును ఏలిన ఆడవాళ్లు ఒక కరెన్సీ నిర్ణయంతో కుదేలయ్యారు, ఆ నిర్ణయంలో వాళ్ల ప్రమేయమే లేదు.

కానీ మేడం గారికి ఒక ప్రశ్న. మీరు తలుపు మూయడాన్ని సమర్థిస్తున్నారు. నైజీరియా తలుపు మూసింది కూడా తన మిల్లుల కోసమే. 1957 నుంచి కడూనాలో పెద్ద పెద్ద మిల్లులు పెట్టుకుంది. ఆ తలుపు తగిలింది చీరాల అన్న తాతగారికి. మరి అది న్యాయమా, అన్యాయమా?

హిస్టరీ మేడం

కష్టమైన ప్రశ్న, దాటేయను. నైజీరియాకు ఆ హక్కు ఉంది. చీరాలకు దెబ్బ తగలడమూ నిజం. నా దృష్టిలో తప్పంతా ఎక్కడుందంటే, ఊరు ఊరంతా ఒకే దేశపు గిరాకీ మీద ఆధారపడేలా చేసి, లాభాల కాలంలో పక్కన ఒక్క సొసైటీనీ, ఒక్క ప్రత్యామ్నాయ డిజైనునూ నిలబెట్టని వ్యాపారుల దగ్గర, చూస్తూ ఊరుకున్న మన ప్రభుత్వాల దగ్గర. కడూనాలోనూ గొప్పగా ఏం జరగలేదు. తలుపు మూశారు, కరెంటు ఇవ్వలేకపోయారు, దొంగ దిగుమతులను ఆపలేకపోయారు. అక్కడి అతిపెద్ద మిల్లు 2007లో మూతపడి వేలమంది రోడ్డున పడ్డారు. యూరప్ మూసిన తలుపు వెనక నేర్చుకోవడం జరిగింది. ఇక్కడ అది జరగలేదు.

సాఫ్ట్‌వేర్ సతీష్

కొనేవాడి వైపు నుంచి నా మాట మారలేదు, ధర చూస్తాను. కానీ శైలజ గారు అడిగిన లేబుల్ ఉంటే రెండింటిలో ఏది ఏదో తెలిసి ఎంచుకుంటాను. పండక్కి ఒకటి అసలుది కొనడానికి నాకేమీ అభ్యంతరం లేదు. పెడనలో నేరుగా చేసేవాళ్ల దగ్గర ఎలా కొనాలి? అసలుదని గుర్తుపట్టేది ఎలా?

శైలజ విజయవాడ

గుర్తుపట్టడానికి కొన్ని ఆనవాళ్లు: అచ్చు పక్కపక్కన పడినచోట గీత కొద్దిగా తప్పుతుంది, ప్రతి పూవూ ఒకే కొలతలో ఉండదు. వెనకవైపు తిప్పి చూడండి, రంగు దారంలోకి దిగి ఉంటుంది. పైపైన ప్రింటు వేసినదైతే వెనక వెలవెలబోతుంది. రంగులు కళ్లు జిగేల్‌మనేలా ఉండవు. మెరిసే ఆకుపచ్చ, గులాబీ కనిపిస్తే అనుమానించండి. పెడనలో వర్క్‌షాపుకే వెళ్లి, బట్ట కాగుతున్న బాన చూపించమని అడగండి. చేసేవాళ్లు సంతోషంగా చూపిస్తారు.

చీరాల మగ్గం

బాన చూసిరండి, మంచిదే. కానీ అక్కడ పనిచేసేవాళ్లను రోజు కూలి ఎంతని కూడా అడగండి. ఆ అంకె చెప్పకుండా ఏ కళ గురించీ మాట్లాడటం నాకు ఇష్టం లేదు. అక్రా తమ్ముడూ, నీకు వీలైతే ఆ దారాలు కోసిన బట్ట ఫోటో ఒకటి పెట్టు. మా నాన్నకు చూపించాలి. ఏ గడో చూస్తే ఏ ఊరి నేతో ఆయన చెప్పగలడు.

అక్రా తెలుగు

తప్పకుండా అన్నా. కలబరి ప్రాంతానికి చెందిన సహోద్యోగి ఒకరున్నారు. వాళ్లింట్లో పెట్టెలో పాతవి ఉన్నాయన్నారు. అనుమతి తీసుకుని ఫోటోలు పెడతాను. గడుల కొలతలు కూడా తీసుకోమంటే తీసుకుంటాను. నాన్నగారు నేసిన గడులకు, రంగులకు పేర్లుంటే అవి నాకు రాసి పంపండి. వాళ్లు పెట్టుకున్న పేర్లు నేను అడిగి రాస్తాను, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.